లక్షలు పోసి కొనే నగ.. నిజంగా వర్తేనా?



ఈ ఎపిసోడ్ టాపిక్ నేను ఎంచుకున్నది కాదు, మీరు పట్టుబట్టి చేయిస్తున్నది. పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, నా ఇన్‌బాక్స్ నిండా ఇవే ప్రశ్నలు. "అన్నా, డైమండ్ నెక్లెస్ తీసుకోవచ్చా?" "బ్రాండెడ్ జువెలరీకి అంత రేటు ఎందుకు?" "బంగారం ఎలాగూ పెరుగుతుంది కదా, ఎంత పెట్టినా నష్టం లేదంటున్నారు, నిజమేనా?"

ముందే చెప్తున్నా, నేను నగల వ్యాపారిని కాదు. మొన్నమొన్నటి దాకా కోడ్ రాసుకుని బతికినవాణ్ని. కోడ్‌లో ఏదైనా తేడాగా అనిపిస్తే మేం చేసే మొదటి పని, లైన్ బై లైన్ చదవడం. ఇవాళ నగల బిల్లుని కూడా అలాగే చదువుదాం. ఎందుకంటే మన ఇళ్లలో ఫ్లాట్ తర్వాత, చదువు తర్వాత ఎక్కువ డబ్బు పోసేది నగల మీదే. కానీ ఫోన్ కొనేముందు పది రివ్యూలు చూసే మనం, అయిదు లక్షల నగ కొనేముందు అద్దంలో ఒక్కసారి చూసుకుని కార్డ్ తీసేస్తాం.

సరే, మొదలెడదాం.

ఏ నగ అయినా తీసుకోండి. మీరు కట్టే డబ్బు మూడు చోట్లకి వెళ్తుంది. ఒకటి సరుకు, అంటే బంగారం, రాయి. రెండు పని, అంటే మజూరీ, తరుగు. మూడు పేరు, అంటే బ్రాండ్, షోరూమ్, యాడ్‌లో నవ్వే హీరోయిన్. ఇందులో తిరిగి అమ్మేటప్పుడు మీ చేతికి వచ్చేది దాదాపుగా మొదటిదే. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే సగం ఎపిసోడ్ అయిపోయినట్టే.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇవాళ్టి రేటు కాదు, లెక్క సులువుగా ఉండటానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము పది వేలు అనుకుందాం. మీరు 40 గ్రాముల నెక్లెస్ కొన్నారు. తెలంగాణ లెక్కలో నాలుగు తులాలు, ఆంధ్ర లెక్కలో అయిదు కాసులు. బంగారం విలువ 4 లక్షలు. డిజైన్ బాగా పనితనం ఉన్నది కాబట్టి తరుగు, మజూరీ కలిపి 18 శాతం వేశారు. ఇప్పుడు చాలా షాపుల్లో దీన్ని 'వీఏ' అంటున్నారు, వాల్యూ యాడిషన్ అని. పేరు ఎంత బాగుందో చూడండి! కస్టమర్ జేబులోంచి పోయేదానికి వాల్యూ యాడిషన్ అని పేరు. సరే, 18 శాతం అంటే 72 వేలు. మొత్తం 4 లక్షల 72 వేలు. దాని మీద 3 శాతం జీఎస్టీ, 14,160. అంటే బిల్లు 4,86,160 రూపాయలు.

షాపు మెట్లు దిగి, ఎదురు షాపుకి వెళ్లి అమ్మితే? బంగారం స్వచ్ఛంగా ఉండి, వాళ్లు ఏ కోతా పెట్టకపోతే 4 లక్షలు. రోడ్డు దాటినందుకు 86 వేలు పోయాయి. మీరు పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటే గ్రాము రేటు పది వేల నుంచి 12,154 కి వెళ్లాలి. అంటే 21 శాతం పైగా పెరిగితే అప్పుడు మీరు సున్నా దగ్గర ఉన్నట్టు. లాభం ఆ తర్వాత మాట.

ఇదే 40 గ్రాములకి సాదా గాజులు కొన్నారనుకోండి, వీఏ 8 శాతం అనుకుందాం. బిల్లు 4,44,960. పోయేది 45 వేల లోపు. అదే బంగారం, అదే బరువు, అదే షాపు. తేడా 41 వేలు. అది పూర్తిగా డిజైన్ ఖరీదు.

ఇక్కడ ఆగి ఒక మాట. మజూరీ అంటే దోపిడీ అని నేను అనట్లేదు. నక్షి పని చూశారా ఎప్పుడైనా? చిన్న రేకు మీద లక్ష్మీదేవిని, నెమళ్లని ఉలితో కొట్టి పైకి లేపుతారు. అది చేసే మనిషి రోజుల తరబడి వంగి కూర్చుంటాడు. ఆ పనికి డబ్బు ఇవ్వాల్సిందే. నేనంటున్నది ఒక్కటే. ఆ డబ్బు ఆ పనికి ఇచ్చేశాం. అది ఖర్చు. సినిమా టికెట్ లాగా, టూర్ లాగా. దాన్ని పెట్టుబడి అనుకోవడం దగ్గరే మన లెక్క తప్పుతుంది.

నెక్స్ట్, రాళ్లు. ఇది చాలా జాగ్రత్తగా వినండి.

కుందన్ హారం, పచ్చలు కెంపులు పొదిగిన సెట్, వీటికి రెండు బరువులు ఉంటాయి. గ్రాస్ వెయిట్ అంటే మొత్తం తూకం. నెట్ వెయిట్ అంటే రాళ్లు, లక్క, దారం, పూసలు తీసేసిన బంగారం తూకం. 50 గ్రాముల హారంలో 10 గ్రాములు రాళ్లే అనుకోండి. బంగారం రేటు 40 గ్రాములకే వేయాలి. 50 కి వేస్తే, మన లెక్క ప్రకారం లక్ష రూపాయలకి మీరు రాళ్లని బంగారం రేటుకి కొన్నట్టు. రాళ్లకి విడిగా, క్యారెట్ లెక్కన, ఎన్ని క్యారెట్లు, క్యారెట్ ఎంత అని బిల్లులో రాయించుకోండి. ఒక క్యారెట్ అంటే గ్రాములో అయిదో వంతు. పది గ్రాముల రాళ్లంటే 50 క్యారెట్లు. రాయకపోతే? బిల్లు కట్టకండి. అంతే.

ఇంకోటి, హాల్‌మార్క్. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబర్ ఉన్న హాల్‌మార్క్ నగలే షాపులు అమ్మాలి. నగ లోపలి వైపు బీఐఎస్ గుర్తు, 22 కె 916 లాంటి స్వచ్ఛత, ఆ పక్కన ఆరు అంకెలు అక్షరాలు కలిసిన కోడ్ ఉంటుంది. మీ ఫోన్‌లో 'బీఐఎస్ కేర్' యాప్ వేసుకుని, అక్కడికక్కడే ఆ కోడ్ కొట్టండి. నగ రకం, స్వచ్ఛత అక్కడ కనిపిస్తాయి. అరచేతిలో ఫోన్ ఉంది, రీల్స్ కి వాడతాం, దీనికి వాడటానికి మొహమాటం! వజ్రాల నగలు ఎక్కువగా 18 క్యారెట్ల బంగారంలో చేస్తారు. అంటే 75 శాతమే బంగారం. ఆ నగకి 22 క్యారెట్ల రేటు వేస్తున్నారేమో అదీ చూసుకోండి.

ఇప్పుడు అందరూ ఎదురుచూస్తున్న పార్ట్. వజ్రం.

వజ్రం గురించి తెలుగువాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు అసలు. 18వ శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడే దాకా ప్రపంచానికి వజ్రాలు ఇచ్చింది దాదాపుగా మన దేశమే. అందులోనూ కృష్ణా ఒడ్డున ఉన్న కొల్లూరు గని. కోహినూర్ అక్కడిదే అని చెప్తారు. 'గోల్కొండ వజ్రం' అనే మాట ఇప్పటికీ వేలంపాటల్లో వినిపిస్తుంది. ఇప్పటికీ తొలకరి పడితే కర్నూలు వైపు తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తల వంచుకుని వెతుకుతూనే ఉంటారు, ఒక్క రాయి దొరికితే జీవితం మారిపోతుందని.

అప్పట్లో వజ్రం నిజంగా అరుదు. 1867 తర్వాత దక్షిణాఫ్రికాలో గనులు బయటపడ్డాయి, ఇక కుప్పలు కుప్పలు. 1888 లో డీ బీర్స్ కంపెనీ పుట్టింది. సరుకుని గుప్పిట్లో పెట్టుకుని కొంచెం కొంచెంగా వదలడం మొదలెట్టింది. 1947 లో ఫ్రాన్సెస్ గెరిటీ అనే యాడ్ రైటర్ 'వజ్రం శాశ్వతం' అనే అర్థం వచ్చే స్లోగన్ రాసింది. ఆ మాటలో ఉన్న తెలివి గమనించండి. శాశ్వతం అంటే ప్రేమ శాశ్వతం అని మనకి వినిపిస్తుంది. కానీ ఎప్పటికీ అమ్మొద్దు అని కూడా అర్థం. ఎవరూ అమ్మకపోతే, అమ్మితే ఎంత వస్తుందో ఎవరికీ తెలీదు!

అమ్మితే ఏమవుతుంది? బంగారానికి రోజూ పేపర్లో రేటు వస్తుంది. వజ్రానికి అలాంటి ఒక్క రేటు లేదు. బరువు, రంగు, స్వచ్ఛత, కోత, ఈ నాలుగింటి మీద ఒక్కో రాయికి ఒక్కో ధర. మీరు కొన్నది రిటైల్ ధరకి, మీ దగ్గర కొనేవాడు హోల్‌సేల్ కన్నా తక్కువకి అడుగుతాడు. చిన్న చిన్న రాళ్లు అయితే చాలామంది లెక్కలోకే తీసుకోరు. షాపు వాళ్లు 'బై బ్యాక్ ఉంది మేడమ్' అంటారు. మంచిదే, కానీ అది ఆ షాపు మాట, మార్కెట్ మాట కాదు. క్యాష్ ఇస్తారా, ఎక్స్‌ఛేంజ్ మాత్రమేనా, ఏ రోజు రేటుకి, సర్టిఫికెట్ పోతే ఏంటి, ఇవన్నీ కాగితం మీద ఉండాలి.

ఇక ల్యాబ్ వజ్రాలు. ఇవి నకిలీవి కాదు. అదే కార్బన్, అదే మెరుపు, కంటితో చూసి తేడా చెప్పలేం. 2023 జూన్‌లో మన ప్రధాని అమెరికా వెళ్లినప్పుడు జిల్ బైడెన్‌కి ఇచ్చింది కూడా 7.5 క్యారెట్ల ల్యాబ్ వజ్రమే. మరి సమస్య ఏంటి? భూమిలో దొరికేది తవ్వాలి, మెషీన్‌లో అయ్యేది ఇంకో మెషీన్ పెడితే ఇంకా అవుతుంది. మనకి తెలిసిన లాజిక్కే, సప్లై పెరిగితే ధర పడుతుంది. 2018 లో డీ బీర్సే 'లైట్‌బాక్స్' అని ల్యాబ్ వజ్రాల బ్రాండ్ తెచ్చింది, క్యారెట్ 800 డాలర్లు అని. ధరలు అలా పడుతూ పోయాయి, 2025 లో ఆ బ్రాండ్‌నే మూసేస్తున్నట్టు చెప్పింది. కాబట్టి ల్యాబ్ వజ్రం అందం కోసం అయితే హ్యాపీగా కొనుక్కోండి, తక్కువలో పెద్ద రాయి వస్తుంది. తిరిగి అమ్ముదాం అనే ఆలోచన మాత్రం షాపులోనే వదిలేసి రండి.

ఇప్పుడు పేరు. బ్రాండ్.

కార్టియే 'లవ్' బ్రేస్‌లెట్ మీరు ఇన్‌స్టాలో చూసే ఉంటారు. స్క్రూలు కనిపిస్తాయి, స్క్రూడ్రైవర్‌తో బిగించాలి. ఆల్డో చిపుల్లో అనే డిజైనర్ 1969 లో న్యూయార్క్‌లో చేశాడు. అది 18 క్యారెట్ల బంగారం. తూకం వేసి బంగారం విలువ కడితే, మీరు కట్టిన లక్షల్లో కొంత భాగమే తేలుతుంది. మిగతాది ఆ డిజైన్‌కి, ఆ పేరుకి. పేరుకి అంత విలువ ఉంటుందా అంటే ఉంటుంది. 2021 లో ఎల్‌వీఎంహెచ్ గ్రూప్ టిఫనీ కంపెనీని దాదాపు 1,580 కోట్ల డాలర్లకి కొన్నది. వాళ్లు కొన్నది షాపులు, బంగారం మాత్రమే కాదు కదా, ఆ నీలం డబ్బా చూడగానే అమ్మాయి కళ్లలో వచ్చే మెరుపుని కొన్నారు. ఆ డబ్బు మళ్లీ మన దగ్గరే వసూలు చేస్తారు.

ఇలాంటి కొన్ని ఫేమస్ మోడల్స్‌కి విదేశాల్లో సెకండ్ హ్యాండ్ మార్కెట్ ఉంది, డబ్బా బిల్లు ఉంటే మంచి ధర కూడా వస్తుంది. కానీ మీరు కరీంనగర్‌లోనో కాకినాడలోనో ఉండి అర్జెంట్‌గా అమ్మాలంటే? కాటా మీద పెడతారు. కాటాకి ఫ్రెంచ్ రాదు.

మీరు అనొచ్చు, మామూలు నగలకి ఇది ఓకే, నిజంగా అరుదైన రాజుల నగలకి విలువ తగ్గదు కదా అని. మన హైదరాబాద్ నిజాం నగలే చూద్దాం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ఒకప్పుడు ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడు. 1947 లో ఎలిజబెత్ పెళ్లికి కార్టియే నెక్లెస్‌ని గిఫ్ట్ ఇచ్చాడు. 184 క్యారెట్ల పైన ఉన్న జేకబ్ వజ్రాన్ని పేపర్ వెయిట్‌లా వాడేవాడంటారు. అలాంటి ఇంటి నగలు అమ్మడానికి ఏమైంది? ట్రస్టు అమ్మాలనుకోవడానికీ, డబ్బు చేతికి రావడానికీ మధ్య ఏళ్ల తరబడి కోర్టులు, బేరాలు నడిచాయి. చివరికి 1995 లో భారత ప్రభుత్వం 173 నగల్ని 218 కోట్లకి కొన్నది. ఆ తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియంలో రెండు మూడు సార్లు చూపించారు, మిగతా కాలం రిజర్వ్ బ్యాంక్ లాకర్లోనే. నగ ఎంత గొప్పదైనా కొనేవాడు వచ్చినప్పుడే దానికి ధర. నిజాం వారసులకే అన్నేళ్లు పడితే మనమెంత?

మరి అసలు మన ఇళ్లలో నగ ఎందుకు? ఇది లెక్కల్లో రాదు కాబట్టి కాస్త మెల్లగా మాట్లాడుకుందాం.

నా బీటెక్ మొదటి సంవత్సరం ఫీజు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తా. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి కట్టాం. అమ్మ ఆ రోజు గాజులతో పాటు ఒక రాళ్ల హారం కూడా తీసుకెళ్లింది. అది గాజుల కన్నా ఖరీదు పెట్టి కొన్నది, పెళ్లిళ్లకి వేసుకెళ్తే అందరూ అడిగేవాళ్లు. బ్యాంకులో అప్రైజర్ గాజుల్ని గీటురాయి మీద గీసి, తూకం వేసి, నిమిషంలో రాసేశాడు. హారం దగ్గరకొచ్చేసరికి రాళ్ల బరువు, లక్క బరువు అంచనా కట్టి తీసేసి, మిగిలిన బంగారానికే విలువ కట్టాడు. అమ్మ ఏమీ అనలేదు, హారాన్ని మళ్లీ డబ్బాలో పెట్టి, గాజులే ఇచ్చేసింది. ఆ బ్యాంకు చేసిందాంట్లో తప్పేం లేదు, గోల్డ్ లోన్ రూలే అది. బంగారానికే అప్పు, రాయికి లేదు.

అప్పుడు నాకు అర్థమైంది, నగలు రెండు రకాలని. ఒకటి పెళ్లికి వేసుకునేది, ఇంకోటి కష్టానికి అక్కరకొచ్చేది. మన అమ్మమ్మలు పుస్తెలతాడు, సాదా గాజులు, కాసులపేరు చేయించుకున్నారంటే డిజైన్ తెలీక కాదు. బ్యాంకు అకౌంట్ లేని ఆడవాళ్లకి ఒంటి మీద ఉన్నదే అకౌంట్. భర్త పోయినా, పంట పోయినా, గొలుసు తీసి కాటా మీద పెడితే డబ్బు. లగ్జరీ నగ ఆ పని చేయదు. అది చెడ్డదని కాదు, అది చేసే పని వేరు.

ఇప్పుడు ఒక చెల్లి పంపిన మెసేజ్. పేరు చెప్పను. "అన్నా, నా పెళ్లికి నాన్న 7 లక్షలు దాచారు, నగలకి. నాకు నచ్చిన డైమండ్ సెట్ 12 లక్షలు. మిగతా 5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుంటా, నా జీతంలోనే కట్టుకుంటా. అత్తగారి వైపు వాళ్లంతా డైమండ్సే వేసుకుంటారు, సాదాగా వెళ్తే చిన్నచూపు చూస్తారని భయం."

చెల్లీ, ముందు లోన్ లెక్క. 5 లక్షలు, 14 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకుంటే నెలకి 17 వేల పైన ఈఎంఐ. మొత్తం కట్టేది 6 లక్షల 15 వేలు. అంటే కొత్త కాపురం మొదటి మూడేళ్లు, ఆ సెట్ లాకర్లో ఉంటుంది, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా ఇంట్లో ఉంటుంది. ఉద్యోగం మారాలన్నా, పిల్లలు అనుకున్నా, అది అడ్డం వస్తుంది. నాన్న అన్నేళ్లు దాచిన 7 లక్షలు కూడా అందులోనే కలిసిపోతాయి.

నా ఒపీనియన్, నాదే సుమా. 7 లక్షల్లో 5 లక్షలకి తక్కువ మజూరీ ఉన్న 22 క్యారెట్ల నగలు తీసుకో. లక్షన్నరలో నీ మనసుకి నచ్చింది, డైమండ్ అయినా సరే, చిన్నదైనా సరే, రోజూ వేసుకునేలా ఉన్నది ఒకటి తీసుకో. మిగతా 50 వేలు నీ పేరు మీద బ్యాంకులో ఉంచు. బిల్లులన్నీ నీ పేరు మీదే చేయించు. పుట్టింటివాళ్లు ఇచ్చినవి స్త్రీధనం, అవి నీ సొంతం అని 1985 లోనే ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అవతలివాళ్లు ఇంత పెట్టాలి అని అడిగి పెట్టించుకుంటే మాత్రం అది కట్నం, 1961 చట్టం ప్రకారం నేరం. చిన్నచూపు భయం గురించి ఒక్క మాట. నగ చూసి గౌరవించేవాళ్లు, వచ్చే పెళ్లికి ఇంకా పెద్ద నగ అడుగుతారు. ఆ రేసుకి ఫినిష్ లైన్ లేదు.

మరి ఖరీదైన నగ ఎప్పుడు వర్త్? నా దగ్గర మూడు ప్రశ్నలున్నాయి. అప్పు లేకుండా కొంటున్నానా? రేపు ఇందులో సగమే తిరిగొచ్చినా నాకు బాధ ఉండదా? నెలకి ఒక్కసారైనా వేసుకుంటానా? మూడింటికీ అవును అంటే, నిశ్చింతగా కొనండి, ఎవరి మాటా వినొద్దు, నా మాట కూడా. కష్టపడి సంపాదించుకున్న డబ్బుతో నచ్చింది పెట్టుకోవడంలో తప్పేం లేదు. ఒక్కదానికి కాదు అని వచ్చినా, ఆ రోజుకి ఫోటో దిగి, వన్ గ్రామ్ గోల్డ్ సెట్టో, అద్దె సెట్టో చూసుకోండి. ఈమధ్య పెళ్లిళ్లలో చాలామంది చేస్తున్నది అదే.

లాస్ట్‌లో స్క్రీన్‌షాట్ తీసుకోవాల్సిన లిస్ట్.

ఒకటి, బిల్లులో నెట్ వెయిట్, ఆ రోజు గ్రాము రేటు, వీఏ శాతం, రాళ్ల క్యారెట్లు, జీఎస్టీ, ఇవి విడివిడిగా ఉండాలి.

రెండు, వీఏ మీద బేరం ఆడండి. రేటు మీద ఎవరూ తగ్గించరు, తగ్గేది ఇక్కడే. ఒకే డిజైన్‌ని రెండు మూడు షాపుల్లో అడగండి.

మూడు, హెచ్‌యూఐడీ యాప్‌లో చెక్ చేయండి. పెద్ద వజ్రం అయితే జీఐఏ, ఐజీఐ లాంటి ల్యాబ్ సర్టిఫికెట్, సహజమా ల్యాబా అన్నది బిల్లు మీద స్పష్టంగా ఉండాలి.

నాలుగు, షాపుల్లో నెల నెలా కట్టే స్కీములు. మజూరీ తగ్గుతుంది, నిజమే. కానీ బ్యాంక్ డిపాజిట్‌కి ఉండే 5 లక్షల ఇన్సూరెన్స్ వాటికి లేదు. షాపు మూతపడితే మీ డబ్బు వెనకాల మీరు తిరగాల్సిందే.

అయిదు, కొనే రోజే అడగండి, "ఇదే నగ రేపు తెస్తే ఎంతిస్తారు?" అని. ఆ ఒక్క ప్రశ్నకి సేల్స్‌మన్ చెప్పే జవాబులో మొత్తం ఎపిసోడ్ ఉంటుంది.

మీ ఇంట్లో పాత బిల్లు ఒకటి తీసి ఈ లెక్క వేసి చూడండి. మజూరీ ఎంత శాతం పడిందో కామెంట్‌లో రాయండి, షాపు పేరు మాత్రం వద్దు. ఎక్కువమంది రాస్తే, గోల్డ్ లోన్ గురించి విడిగా ఒక ఎపిసోడ్ చేద్దాం. పెళ్లి షాపింగ్‌కి వెళ్తున్న అక్కకో, చెల్లికో, ఫ్రెండ్‌కో ఇది ఈరోజే పంపండి. కొన్నాక పంపితే తిట్టుకుంటారు.

ఉంటానండీ, మళ్లీ కలుద్దాం.